పేలు చూసే నర్సమ్మ: 1920లు, 30ల్లో ఇంగ్లండ్ బళ్ళలో నిజంగా ఏం జరిగేది?

నిద్రపట్టని_నిహారిక
ఇక్కడ ఇంగ్లండ్‌లో మావాడి బడి నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. క్లాసులో ఒకరికి పేలు కనబడ్డాయి, మీ పిల్లల తలలు మీరే చూసుకోండి అని. అంతే. వాళ్ళు చూడరు, పేలు ఎవరికున్నాయో చెప్పరు. పెరట్లో వాణ్ణి కూర్చోబెట్టి దువ్వుతుంటే పక్కింటి ముసలావిడ గోడ మీదుగా చూసి ఒకటే నవ్వు. ఆవిడకి తొంభై ఆరేళ్ళు. "మా రోజుల్లో నిట్టీ నోరా వచ్చేది, మా అమ్మలకి ఈ బాధ ఉండేది కాదు" అంది. నిట్ అంటే ఈపి. అంటే "ఈపుల నోరమ్మ" అన్నమాట, బడికి వచ్చే నర్సుకి పిల్లలు పెట్టిన పేరు.

వరసలో నిలబెట్టి ఒక్కొక్క తలా చూసేదట. పేలున్న పిల్లల చేతికి ఒక కార్డు ఇచ్చి ఇంటికి పంపేదట. నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి ఆ కార్డు దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది.

నా డౌట్లు: అంత పాతకాలంలోనే బడికి నర్సు, డాక్టరు వచ్చేవారా? వైద్యం కూడా చేసేవారా, తలలు చూసి చక్కాపోయేవారా? మరి ఇప్పుడెందుకు చూడరు? పాత చరిత్ర తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, చెప్పండి.

గోదారిగట్టు
"ఈపి" అన్న మాట విని పదేళ్ళయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల కూడా దురదపెడుతోంది.

కరీంనగర్_కుర్రోడు
ఈపి కాదు, ఈరు. మా దిక్కు ఈర్లు అంటాం. పేలు కూడా కాదు, పేన్లు.

గోదారిగట్టు
ఏ పేరు పెట్టినా కుట్టేది ఒకటే తమ్ముడూ.

పాతకాగితాలు
నిహారిక గారు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు: వచ్చేవారు. 1907 నుంచే. అయితే అది పిల్లల మీద ప్రేమ పొంగి మొదలైన పని కాదు. 1899-1902 మధ్య దక్షిణాఫ్రికాలో బోయర్లతో (అక్కడ స్థిరపడ్డ డచ్చివాళ్ళ సంతతి) యుద్ధం జరిగినప్పుడు సైన్యంలో చేరతామని వచ్చిన కుర్రాళ్ళలో చాలామందిని ఒళ్ళు సరిగా లేదని తిప్పి పంపాల్సి వచ్చింది. పొట్టి, సన్నం, పుచ్చు పళ్ళు, వంకర కాళ్ళు. దొరలు హడలిపోయారు. "జాతి శారీరక క్షీణత" మీద ఒక కమిటీ వేశారు, 1904లో అది నివేదిక ఇచ్చింది. 1906లో బడిపిల్లలకి భోజనం పెట్టుకోవచ్చని ఒక చట్టం, 1907లో వైద్య పరీక్ష చేయాలని ఇంకో చట్టం. రెండోదాన్ని పేరు చూస్తేనే ఆవలింత వచ్చే ఒక పరిపాలనా చట్టంలో ఒక మూల ఇరికించారు. గొడవ చేసేవాళ్ళ కంట పడకూడదని అనుకుంటాను.

ఇక్కడో తిరకాసు ఉంది. పరీక్ష తప్పనిసరి, వైద్యం తప్పనిసరి కాదు. "మీవాడికి చూపు లేదు, చెవిలో చీము కారుతోంది" అని చీటీ ఇస్తారు. ఆ తర్వాత మీ తిప్పలు మీవి. పైగా 1909లో ఇంకో చట్టం చేసి, వైద్యం చేయిస్తే ఆ ఖర్చు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయాలన్నారు. కట్టలేని వాళ్ళకి మినహాయింపు ఉందిలెండి. ప్రాథమిక బళ్ళ పిల్లలకి వైద్యం ఏర్పాటు చేయడం స్థానిక అధికారుల బాధ్యత అని తేల్చింది 1918 చట్టం. అంటే మీరడిగిన 1920లు, 30లే దీనికి అసలు కాలం. అయిదేళ్ళకి బళ్ళో చేరినప్పుడు ఒకసారి, ఎనిమిదేళ్ళకి ఒకసారి, పన్నెండేళ్ళకి ఒకసారి డాక్టరు చూడాలి. నర్సు అయితే మధ్యమధ్యలో వస్తూనే ఉండేది.

లీడ్స్_లక్ష్మి
పాతకాగితాలు గారూ, సైన్యం కథ నిజమే కానీ సగమే. ఆ కమిటీకి ముందే ఈ పని చేసినవాళ్ళున్నారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. 1892లోనే ఏమీ హ్యూజ్ అనే నర్సు లండన్‌లో డ్రూరీ లేన్‌లోని ఒక బడికి వెళ్ళి పిల్లల పుళ్ళకి కట్లు కట్టేది. మా లీడ్స్ పక్కనే బ్రాడ్‌ఫర్డ్‌లో మార్గరెట్ మెక్‌మిలన్ బడి బోర్డులో సభ్యురాలిగా ఉండి పోట్లాడింది. 1897లో అక్కడ ఒక బళ్ళో స్నానాల గదులు కట్టించారు. చలికాలం మొత్తానికి ఒకేసారి బట్టలు ఒంటి మీదే కుట్టేసిన పిల్లల గురించి ఆవిడ చెప్పిన మాటలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. విప్పాలంటే కత్తెర కావాలి! తర్వాత ఆవిడా, అక్క రేచెల్ కలిసి లండన్ డెప్ట్‌ఫర్డ్‌లో 1910లో బడిపిల్లల క్లినిక్ పెట్టారు. అక్కడ ఒక సంగతి వాళ్ళ కళ్ళపడింది. క్లినిక్‌లో నయమైన పిల్లే రెండు వారాలకి అదే పుండుతో మళ్ళీ వస్తోంది. ఇల్లు మారలేదు కదా మరి. అందుకే రాత్రిళ్ళు పిల్లల్ని ఆరుబయట పడుకోబెట్టే శిబిరాలు నడిపారు, 1914లో ఆరుబయలు నర్సరీ పెట్టారు.

నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడ నర్సుని, కొన్నాళ్ళు బళ్ళలో కూడా పనిచేశాను. పేల గొడవ వల్ల నర్సు అంటే దువ్వెన పట్టుకున్న మనిషే గుర్తుంది అందరికీ. ఆ రోజుల్లో ఆవిడ పనిలో పేలు ఒక భాగమే. ముఖం మీద పొక్కులు చితికి పచ్చటి పెచ్చు కట్టే ఇంపెటిగో, చెవిలో చీము, తలలో తామర, గజ్జి, కళ్ళ కలక. రోజూ క్లినిక్‌లో కడగాలి, కట్టు కట్టాలి. ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళాలి. డాక్టరు "కళ్ళజోడు" అని రాసి వెళ్ళిపోతాడు. కొన్నారా లేదా, కొంటే పిల్లవాడు పెట్టుకుంటున్నాడా, తండ్రికి పని ఉందా లేదా, వెళ్ళి చూసేది నర్సే. నన్నడిగితే ఆ ఏర్పాటు మొత్తం ఆవిడ కాళ్ళ మీద నడిచింది.

నిద్రపట్టని_నిహారిక
తలలో తామరకి ఏం చేసేవారు? ఆవిడ "కిరణాలు పెట్టి జుట్టు ఊడగొట్టేవాళ్ళు" అంటోంది. వయసు మీద పడి ఏదో కలిపి చెప్తోందేమో అనుకున్నాను.

డా_చెవిముక్కుగొంతు
కలిపి చెప్పడం లేదమ్మా, నిజమే. తలకి ఎక్స్‌రేలు పెట్టేవారు. పారిస్‌లో సబురో అనే డాక్టరు 1904 ప్రాంతంలో ఆ పద్ధతిని కుదిర్చాడు. రెండు మూడు వారాలకి జుట్టంతా రాలిపోతుంది, దాంతో పాటు రోగం పట్టిన వెంట్రుకలూ పోతాయి, తర్వాత కొత్త జుట్టు వస్తుంది. అంతకుముందు ఏడాదికి పైగా బడి మానేసి కూర్చోవాల్సిన పిల్లలు కొన్ని నెలల్లో తిరిగి బడికి వెళ్ళేవారు. అందుకే దాన్ని వరం అనుకున్నారు. దాని దుష్ఫలితాలు ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ బయటపడలేదు. తామరకి నోటి మాత్ర 1950ల చివర్లో వచ్చింది.

టాన్సిల్స్ గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను. నా సబ్జెక్టు కదా, చెప్పకపోతే నిద్ర పట్టదు. బడి డాక్టరు నోరు తెరిపించి చూడటం, "తీసేయాలి" అనడం ఆ రోజుల్లో ఫ్యాషన్. 1938లో గ్లోవర్ అనే ఆయన ఇంగ్లండ్‌లో జిల్లాల వారీగా లెక్కలు తీసి చూశాడు. ఒక ఊళ్ళో పిల్లలకి పక్క ఊరి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆపరేషన్లు. గాలిలో, నీళ్ళలో, ఇళ్ళలో ఏ తేడా వెతికినా ఇదీ కారణమని దొరకలేదు. లండన్ పక్కన హార్న్సీ అనే చోట బడి డాక్టరు మారాడు, మరుసటి ఏటికల్లా ఆపరేషన్లు దాదాపు ఆగిపోయాయి. ఊరు అదే, పిల్లలు వాళ్ళే, గొంతులు అవే! పైగా డబ్బున్న వాళ్ళ పిల్లలకే ఎక్కువ కోతలు.

అమెరికాలో ఇంకా వింత. 1934లో న్యూయార్క్ బళ్ళలో 1,000 మంది పిల్లల్ని చూశారు. 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకి చూపిస్తే 174 మందికి తీయాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకి చూపిస్తే 99 మందికి తీయాలన్నారు. అప్పుడూ తప్పించుకున్న 116 మందిని ఇంకోసారి చూపిస్తే 51 మందికి తీయాలన్నారు. చివరికి టాన్సిల్స్ దక్కినవాళ్ళు 65 మంది. అక్కడితో ఆపారు.

గోదారిగట్టు
నాలుగోసారి కూడా చూపించి ఉంటే డాక్టర్ల టాన్సిల్స్ కూడా తీసేసేవారు.

సూటిగా_మాట్లాడతా
ఇంత గొప్ప ఏర్పాట్లు వాళ్ళ పిల్లలకి. అదే రోజుల్లో మన ఊళ్ళలో మశూచితో, మలేరియాతో పిల్లలు పోతుంటే పట్టించుకున్న దొర ఎవడు? ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగు ఫోరంలో ఇంగ్లీషోళ్ళ పేల చరిత్ర మనకి అవసరమా?

బామ్మగారి_మనవడు
@సూటిగా మీ కోపంలో న్యాయం ఉంది, అయితే ఒక మనవాడి కథ వినండి. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం, జస్టిస్ పార్టీ పెద్ద. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బళ్ళో పిల్లలకి తిండి పెట్టే పథకం మొదలుపెట్టించాడు. పిల్లాడికి రోజుకి అణా మించకూడదని లెక్క. బడికి పిల్లలు పెరిగారు, పథకాన్ని ఇంకొన్ని బళ్ళకి పెంచారు. ప్రాథమిక విద్య నిధులు దీనికి వాడటానికి వీల్లేదని ప్రభుత్వం అడ్డుపడింది, 1925లో ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో బడిపిల్లలకి అన్నం పెట్టడానికి చట్టం వచ్చి అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఇదంతా తెలిస్తేనే కదా మీరు అడిగిన ప్రశ్న గట్టిగా అడగగలం.

సూటిగా_మాట్లాడతా
ఇది నాకు తెలియదు. సరే, చదువుతున్నా. కానివ్వండి.

లెక్కల_మాస్టారు
తిండి మాట వచ్చింది కాబట్టి పాల కథ నేను చెప్తా. క్లాసులో చెప్తే పిల్లలు కూడా నిద్రపోకుండా వినే ఒకే ఒక్క గణాంక శాస్త్రం కథ ఇది.

1926లో కోరీ మాన్ అనే డాక్టరు లండన్ దగ్గర ఒక వసతి గృహంలోని మగపిల్లల మీద చేసిన పరిశీలన బయటికొచ్చింది. మామూలు తిండి తిన్నవాళ్ళు ఏడాదిలో 3.85 పౌన్లు బరువు పెరిగారు, అదే తిండికి రోజూ ఒక పైంటు (అర లీటరుకి కాస్త ఎక్కువ) పాలు కలిపిస్తే 6.98 పౌన్లు. పొడుగు కూడా 1.84 అంగుళాలకి బదులు 2.63. అందరూ పాలు పాలు అని ఎగిరి గంతేశారు. అయితే పెద్ద ఎత్తున తేల్చాలని 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బళ్ళు, 20,000 మంది పిల్లలతో ప్రయోగం చేశారు. 10,000 మందికి నాలుగు నెలల పాటు రోజూ ముప్పావు పైంటు పాలు. వాళ్ళలో సగం మందికి పచ్చిపాలు, సగం మందికి పాశ్చరైజ్ చేసినవి. మిగతా 10,000 మందికి ఏమీ లేదు, పోలిక కోసం.

ఎవరికి పాలు అన్నది చీట్లు వేసో, అక్షర క్రమంలోనో తేల్చాలి. అంతవరకు బాగుంది. కానీ ఒక గుంపులో మరీ బక్కపిల్లలో మరీ బొద్దుపిల్లలో ఎక్కువైతే టీచర్లు అటూ ఇటూ మార్చుకోవచ్చని ఒక చిన్న వెసులుబాటు ఇచ్చారు. ఏమయ్యుంటుందో మీరే చెప్పండి. ఎదురుగా ఆకలితో ఉన్న పిల్ల ఉంటే ఏ టీచరైనా ఏం చేస్తుంది? పాల వైపు తోసింది. దాంతో పాలు తాగని గుంపు మొదటిరోజే తాగే గుంపు కంటే పొడుగ్గా, బరువుగా ఉంది. ఇంకో తమాషా, బరువు తూచింది బట్టలతోనే. ఫిబ్రవరిలో ఉన్ని బట్టలు, జూన్‌లో పల్చటి బట్టలు. ఉన్నవాళ్ళ పిల్ల స్వెట్టర్ తీసేస్తే బరువు తగ్గింది, లేనివాళ్ళ పిల్లకి తీయడానికి స్వెట్టరే లేదు.

ఇదంతా పట్టుకున్నది "స్టూడెంట్" అనే మారుపేరుతో రాసే గాసెట్. రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చడానికి మేం కాలేజీలో బట్టీపట్టిన టీ-టెస్ట్ ఆయనదే. ఉద్యోగం గిన్నెస్ బీరు కంపెనీలో! ఇంత మంది అక్కర్లేదు, 50 జతల కవల పిల్లలతో చేసి ఉంటే ఇందులో ఒకటి రెండు వంతుల ఖర్చుతో ఇంతకంటే గట్టి జవాబు వచ్చేదని 1931లో రాశాడు. నూటికి ఒకటి రెండు వంతులండీ.

గోదారిగట్టు
పాల లెక్కలో తప్పు పట్టుకోవడానికి బీరు కంపెనీ వాడే కావాల్సి వచ్చింది.

సర్కారుబడి_టీచరమ్మ
మాస్టారూ, మీరు దాన్ని తప్పు అంటున్నారు. ఆ టీచర్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఒకటి మిగిలితే చీటీ వేసి ఇవ్వను, ఎవరికి ఇవ్వాలో నాకు తెలుసు.

లెక్కల_మాస్టారు
అమ్మా, మీరు ఇవ్వండి. ఇచ్చాక దాన్ని ప్రయోగం అనకండి, అంతే నా గొడవ.

పాతకాగితాలు
పాల కథకి తోక నేను తగిలిస్తా. లెక్క తేలినా తేలకపోయినా 1934లో బడి పాల పథకం వచ్చింది. మూడో వంతు పైంటు సీసా, అర పెన్నీ. ఇందులో పిల్లల ఆరోగ్యం ఎంతో, ధర పడిపోయి మిగిలిపోతున్న పాలని అమ్ముకోవాలన్న పాల బోర్డు అవసరం కూడా అంతే. ఉచితం అయ్యింది 1946లో. అర పెన్నీ కూడా లేని ఇళ్ళ పిల్లలకి ముందుగా పాలు దక్కాలి కదా? స్థానిక అధికారులు వాళ్ళకి ఉచితంగా ఇవ్వొచ్చు, అయితే డాక్టరు చూసి పోషణ లేదని రాయాలని చాలాచోట్ల మెలిక పెట్టారు. పోషణ లేదని ఎవరిని అనాలి? 1935 నుంచి నాలుగు తరగతులు: చాలా బాగుంది, మామూలుగా ఉంది, కొంచెం తక్కువ, బాగాలేదు. కొలత ఏమీ లేదు, డాక్టరు కంటికి ఎలా ఆనితే అలా. ఊరంతా నిరుద్యోగంలో ఉన్నచోట పనిచేసే డాక్టరుకి బక్కపిల్లలే మామూలు పిల్లలు. కాబట్టి "మామూలు" అని రాస్తాడు. దేశం మొత్తం ఆరోగ్యంగా ఉందని పైన నివేదిక వస్తుంది!

అందరూ అలా లేరు. స్టాక్‌టన్ ఊరి ఆరోగ్యాధికారి మెగోనిగల్ ఒక మురికివాడ కుటుంబాల్ని శుభ్రమైన కొత్త ఇళ్ళకి మార్చాక వాళ్ళలో చావులు పెరిగాయని చూపించాడు. కొత్త ఇంటి అద్దె ఎక్కువ. అద్దె కట్టాక తిండికి మిగిలింది తక్కువ.

సర్కారుబడి_టీచరమ్మ
లక్ష్మిగారు చెప్పిన "నర్సు ఇంటికి వెళ్ళి చూసేది" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా బడికి ఏడాదికోసారి వ్యాన్‌లో డాక్టర్లు వస్తారు. మంచివాళ్ళే, ఓపిగ్గా చూస్తారు. ఆరో తరగతి పిల్లకి చూపు తక్కువని చీటీ రాసిచ్చారు. ఎనిమిది నెలల తర్వాత అదే చీటీ ఆ పిల్ల సోషల్ పుస్తకంలో మడతపెట్టి దొరికింది. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే తండ్రికి ఒకరోజు కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు వేరే. చివరికి సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళా. జోడు పెట్టుకుని బయటికి వచ్చి "టీచర్, చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయి" అంది. ఒక పిల్లకి అయితే వెళ్ళాను. క్లాసులో అలాంటి చీటీలు ఇంకా ఏడున్నాయి.

లీడ్స్_లక్ష్మి
టీచరమ్మా, మీరు చేసినదే 1925లో మా నర్సుల పని.

నిహారికా, నీ చివరి ప్రశ్నకి వస్తున్నా, ఇప్పుడెందుకు చూడరని. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బాంబుల భయంతో నగరాల నుంచి దాదాపు పదిహేను లక్షల మందిని పల్లెలకి తరలించారు, ఎక్కువమంది పిల్లలే. పల్లెల్లో వాళ్ళకి ఇళ్ళు ఇచ్చిన ఆడవాళ్ళు గగ్గోలు పెట్టారు, పిల్లల తలనిండా పేలని. బడి రికార్డుల్లో చూస్తే అన్ని లేవు! అప్పుడు మెలన్‌బీ అనే ఆయన ఆసుపత్రుల్లో చేరిన పిల్లల లెక్కలు తీశాడు. పెద్ద పారిశ్రామిక నగరాల్లో ఆడపిల్లల్లో సుమారు సగం మందికి పేలున్నాయి. ఇరవై ఏళ్ళ పాటు వరసలు కట్టించి చూసిన లెక్క ఏమైనట్టు? నర్సు వచ్చేది ఎప్పుడో తల్లులకి తెలుసు, ముందురాత్రి దువ్వి పంపుతారు. వందల తలలు ఒక పూటలో చూడాలి, రెండు జడలు పైకెత్తి చూస్తే ఏం కనబడుతుంది? తల శుభ్రం చేయించకపోతే బలవంతంగా శుభ్రం చేసే అధికారం 1908 చట్టం ఇచ్చింది కాబట్టి భయం కూడా ఉండేది. అందుకే మెల్లగా ఆ వరసలు మానేశారు. ఈ రోజు శుభ్రంగా ఉన్న తల ఎల్లుండి పక్కపిల్లతో ఆడితే మళ్ళీ అంతే. పేలు పోవు గానీ, పిల్లకి అవమానం మటుకు మిగులుతుంది.

కరీంనగర్_కుర్రోడు
మా అమ్మమ్మ ఆదివారం అరుగు మీద కూర్చుని వాడకట్టు పిల్లలందరి తలలు చూసేది. కార్డు లేదు, చట్టం లేదు. తల కదిలిస్తే మాత్రం నెత్తిన ఒకటి పడేది.

నిద్రపట్టని_నిహారిక
ఇందాక టీ తీసుకుని పక్కింటికి వెళ్ళాను. మీరంతా రాసింది ఇంగ్లీషులో చెప్తుంటే ఆసక్తిగా వింది. టాన్సిల్స్ కథకి పడీపడీ నవ్వింది. వాళ్ళ అన్నకి పొద్దున తీసి, సాయంత్రం మెడకి తువ్వాలు చుట్టి ట్రామ్‌లో ఇంటికి పంపారట. కార్డు గురించి నేను అడగలేదు, తనే చెప్పింది. ఆ కార్డు వాళ్ళమ్మకి చూపించకుండా కాలవలో పడేసిందట. వారం తర్వాత నర్సు ఇంటికే వచ్చేసింది. వాళ్ళమ్మ తలుపు దగ్గర ఏడ్చిందట. నర్సు లోపలికి వచ్చి, కోటు విప్పి, చేతులు పైకి మడిచి, తనకీ చెల్లెళ్ళకీ గంటన్నర సేపు దువ్వి వెళ్ళిందట. వీధిలో ఎవరికీ చెప్పలేదట. "ఆవిడ అసలు పేరు నోరా కాదు, ఏదో ఉంది, గుర్తు రావడం లేదు" అని చాలాసేపు ఆలోచించింది.

లీడ్స్_లక్ష్మి
ఆ పేరు గుర్తొస్తే ఇక్కడ రాయొద్దు గానీ, నాకు మెసేజ్ పెట్టు.

నిద్రపట్టని_నిహారిక
సరే అక్కా. ఇంకో సంగతి. ఇప్పుడే నా తలలో రెండు దొరికాయి. బీపీ పెరుగుతోంది.

గోదారిగట్టు
వేపనూనె.

కరీంనగర్_కుర్రోడు
సీతాఫలం గింజల పొడి.

లీడ్స్_లక్ష్మి
సీతాఫలం గింజలు వద్దు, కంట్లో పడితే కన్ను పోయేంత పని అవుతుంది. తడి జుట్టుకి కండిషనర్ పట్టించి సన్నపళ్ళ దువ్వెనతో నాలుగు రోజులకోసారి, రెండు వారాలు.

లెక్కల_మాస్టారు
రెండంటే శాంపిల్ చాలా చిన్నది. పూర్తిగా దువ్వి లెక్క చెప్పండి.